పాపం ఎవరిది, ప్రాణం ఎవరిది?

ధారావాహిక: ఏడో భాగం

1934 జనవరి 15, సోమవారం. సంక్రాంతి నిన్ననే వెళ్ళింది. రంజాన్ నెల ఆఖరికి వచ్చింది, ముస్లింల ఇళ్ళలో పండగ హడావిడి మొదలైంది. మధ్యాహ్నం రెండుంబావు కావస్తోంది. చలికాలపు ఎండ కాబట్టి ఉత్తర బీహార్ పల్లెల్లో చాలామంది ఆరుబయటే ఉన్నారు. వేలమంది బతికి బయటపడటానికి అదే కారణమైంది. ఇదే భూకంపం అర్ధరాత్రి వచ్చి ఉంటే మృతుల లెక్క ఎక్కడ ఆగేదో ఊహించడం కష్టం.

నేల కదలడం మొదలై కొన్ని నిమిషాల పాటు ఆగలేదు. గంగ ఒడ్డున ఉన్న ముంగేర్ పట్టణంలో బజారుకు బజారే ఇటుకల గుట్టగా మారింది. ముజఫర్‌పూర్, దర్భంగా, మోతీహారి, సీతామఢి పట్టణాలు దెబ్బతిన్నాయి. సరిహద్దు అవతల నేపాల్‌లో ఖాట్మండు, పాటన్, భక్తపూర్ కూలాయి. ఖాట్మండులోని ఎత్తైన ధరహరా స్తంభం విరిగి పడిపోయింది. బీహార్‌లో ఏడు వేలకు పైగా, నేపాల్‌లో ఎనిమిది వేలకు పైగా మనుషులు చనిపోయారు.

ఇళ్ళు కూలడం ఒక ఎత్తు, ఉత్తర బీహార్ నేల చేసిన పని ఒక ఎత్తు. అక్కడిదంతా హిమాలయ నదులు వేల ఏళ్ళుగా తెచ్చిపోసిన ఒండ్రు, దాని కింద నీటితో నానిన ఇసుక. గట్టిగా కుదిపితే అలాంటి ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య పట్టు సడలిపోతుంది, నేల కాసేపు ద్రవంలా మారుతుంది. ఆ రోజు పొలాలు బారలు బారలుగా చీలి, చీలికల్లోంచి నీళ్ళూ ఇసుకా పైకి చిమ్మాయి. బావులు ఇసుకతో పూడిపోయి తాగునీళ్ళు లేకుండా పోయాయి. పచ్చటి పైర్ల మీద ఇసుక మేటలు వేసింది. కొన్ని ఇళ్ళు గోడలు నిలబడి ఉండగానే నేలలోకి కుంగి ఒక పక్కకు ఒరిగాయి. సీతామఢి నుంచి పూర్ణియా దాకా సుమారు 300 కిలోమీటర్ల పొడవున ఇదే తీరు. చక్కెర మిల్లులు మూలపడటంతో కోతకొచ్చిన చెరకు పొలాల్లోనే నిలిచిపోయింది. రైతు ఏడాది కష్టం ఎండిపోకుండా ఎద్దులతో తిప్పే చిన్న గానుగలు తెప్పించి ఆడించాల్సి వచ్చింది.

అప్పటికి రాజేంద్రప్రసాద్ ఖైదీ. జబ్బుతో పాట్నా ఆసుపత్రిలో ఉన్నారు. రెండు రోజులకు ప్రభుత్వం ఆయన్ను విడుదల చేసింది. ఆయన మంచం దిగి నేరుగా సహాయ సంఘం పనిలోకి దిగారు. దేశం నలుమూలల నుంచీ డబ్బు, బట్టలు, మనుషులు కదిలారు. నెహ్రూ ముంగేర్ వెళ్ళి శిథిలాల్లో పార పట్టుకుని తవ్వారు.

ఈ సమయంలో గాంధీ ఎక్కడున్నారు? దక్షిణాదిలో. 1933 నవంబరులో వార్ధా నుంచి అస్పృశ్యతా నివారణ కోసం దేశయాత్ర మొదలుపెట్టారు. డిసెంబరులో బెజవాడ, రాజమండ్రి, కాకినాడ, విశాఖపట్నం తిరిగారు. ఆ సభల్లో తెలుగు ఆడవాళ్ళు చేతి గాజులు తీసి హరిజన నిధికి ఇచ్చారు. అదే డిసెంబరులో రవీంద్రనాథ్ టాగూర్ కూడా ఆంధ్రదేశంలోనే ఉన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, వాల్తేరులో, మనిషి గురించి ఆయన చేసిన ప్రసంగాలు తరవాత 'మ్యాన్' పేరుతో పుస్తకమయ్యాయి. ఆ డిసెంబరులో మన గడ్డ మీద తిరిగిన ఈ ఇద్దరూ మరుసటి నెలలో ఒక మాట దగ్గర ఢీకొన్నారు. ఇరవయ్యో శతాబ్దపు భారతదేశంలో దేవుడి న్యాయం గురించి బహిరంగంగా జరిగిన వాదాల్లో ఇంత నిజాయితీ ఉన్నది మరొకటి కనిపించదు.

ఆ మాట జనవరి 24న తిరునెల్వేలిలో వచ్చింది. బీహార్ బాధితులకు విరాళాలివ్వమని అడుగుతూ గాంధీ తన మనసులో ఉన్నది చెప్పేశారు: ఈ భూకంపం మన పాపాలకు దేవుడు వేసిన శిక్ష, ఆ పాపాల్లో పెద్దది అంటరానితనం. నన్ను మూఢనమ్మకస్తుడని అనుకున్నా సరే, నేను ఇలాగే నమ్ముతాను అని కూడా అన్నారు. ఫిబ్రవరి 2న 'హరిజన్' పత్రికలో ఇదే అభిప్రాయాన్ని రాతలోనూ పెట్టారు.

గత భాగంలో లిస్బన్ నగరాన్ని చూశాం. 1755 నవంబరు 1, సర్వ పునీతుల పండగనాడు, జనం చర్చిల్లో ప్రార్థనలో ఉండగా భూకంపం వచ్చింది. ఇది దేవుడి ఆగ్రహమని మలగ్రీడా అనే జెస్యూట్ ప్రబోధించడం, దయామయుడైన దేవుడు పసిపిల్లల్ని ఎందుకు చంపాడని వోల్టేర్ కవితలో నిలదీయడం గుర్తుండే ఉంటుంది. యూరప్‌లో ఆ చర్చ పండితులకూ మతగురువులకూ మధ్య సాగింది. మన దేశంలో అదే ప్రశ్న 179 ఏళ్ళ తరవాత ఇద్దరు ఆస్తికుల మధ్య లేచింది. ఒకరినొకరు 'మహాత్మా', 'గురుదేవా' అని పిలుచుకునే ఇద్దరి మధ్య.

ఈ ప్రశ్న మనకు కొత్తదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఒక సూత్రం సరిగ్గా దీని కోసమే ఉంది. లోకంలో ఒకరు సుఖపడుతున్నారు, ఒకరు అల్లాడుతున్నారు. అలాంటప్పుడు సృష్టికర్తకు పక్షపాతం ఉన్నట్టు కాదా, నిర్దయుడైనట్టు కాదా అని ఆక్షేపణ. శంకరుల భాష్యం ఇచ్చే జవాబు ఇదీ: ఈశ్వరుడు ప్రాణుల కర్మను బట్టే ఫలమిస్తాడు. వాన అన్ని గింజల మీదా ఒకేలా పడుతుంది, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనం గుణం. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిదని అడిగితే, సంసారానికి మొదలే లేదని పక్క సూత్రం చెబుతుంది.

తర్కం పరంగా చూస్తే పకడ్బందీ జవాబే. కానీ భక్తుడి గుండె ఎప్పుడూ దానితో సరిపెట్టుకోలేదు. తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో మగ్గిన కంచెర్ల గోపన్న తన కీర్తనల్లో తన పూర్వకర్మను లెక్కగట్టుకుంటూ కూర్చోలేదు. రాముణ్ణి పట్టుకుని నిలదీశాడు, నగల ఖర్చు అడిగాడు, నిష్ఠూరాలాడాడు. తెలుగువాడి భక్తిలో దేవుణ్ణి తిట్టే హక్కు మొదటినుంచీ ఉంది, తిట్టినంత మాత్రాన భక్తి పోలేదు.

ఇప్పుడు గాంధీ మాటను మళ్ళీ చూడాలి. ఆయనకు కర్మలోనూ పునర్జన్మలోనూ నమ్మకముంది. అయినా బీహార్ విషయంలో ఆయన కర్మ సిద్ధాంతం వైపు పోలేదు. పోలేకపోయారు అనడమే సరి. ఎందుకంటే అంటరానితనాన్ని సమర్థించే శాస్త్రుల చేతిలో ఉన్న ఆయుధం సరిగ్గా అదే: మాలమాదిగలు అలా పుట్టడం వాళ్ళ పూర్వజన్మ ఫలం, అందులో మన తప్పేముంది? దేవుణ్ణి నిర్దోషిగా తేల్చడానికి పుట్టిన సిద్ధాంతం ఊరి చివర గుడిసెలో ఉన్నవాణ్ణి దోషిగా తేల్చింది. శతాబ్దాల పాటు వాడి కడుపు మాడ్చింది, బావి దగ్గరికి రానివ్వలేదు. గాంధీ ఆ బాణాన్ని తిప్పి పట్టుకున్నారు. నీ బాధకు నీ పాపమే కారణమని బాధితుడితో అనలేదు. అగ్రవర్ణాలు నిండిన సభల్లో నిలబడి, వాళ్ళ బాధకు మన పాపం కారణమన్నారు. 'మన' అన్న మాటలో తననూ కలుపుకున్నారు. లిస్బన్ ప్రబోధకుడికీ గాంధీకీ ఉన్న తేడా ఇది, చిన్న తేడా కాదు.

కానీ తిప్పి పట్టుకున్నా అది బాణమే. పాపం చేసింది ఎవరో, ముంగేర్ బజారులో ఇటుకల కింద పడిపోయింది ఎవరో!

ఆ మాటే టాగూర్‌ను కలచివేసింది. పత్రికల్లో చూసింది నిజమేనా అన్న సందేహంతో, నిజమైతే ప్రచురించమని కోరుతూ, జనవరి 28 తేదీతో తన ప్రకటనను గాంధీకే పంపారు. దాచిపెట్టడం గాంధీ స్వభావం కాదు. ఫిబ్రవరి 16 'హరిజన్' సంచికలో టాగూర్ ఖండనను పూర్తిగా అచ్చువేసి, పక్కనే తన సమాధానం ఇచ్చారు. తన తప్పును ఎత్తిచూపిన వ్యాసానికి తన పత్రికలోనే చోటిచ్చిన పద్ధతిని ఇప్పటి సంపాదకులు కూడా ఒకసారి తలుచుకోవాలి.

టాగూర్ వాదంలో రెండు అంచెలున్నాయి. మొదటిది విజ్ఞానశాస్త్రానికి సంబంధించింది. ప్రకృతి ఉత్పాతాలకు భౌతిక కారణాలే ఉంటాయి, వాటికి మన నడవడితో సంబంధం అంటగట్టకూడదు. దేశంలో చాలామంది ఇలాంటి అశాస్త్రీయ నమ్మకాలను తేలిగ్గా మింగేస్తారు, అందుకే గాంధీ నోటి నుంచి ఆ మాట రావడం మరీ ప్రమాదం. భయాన్ని వదిలించి జనాన్ని నిలబెట్టిన మనిషే వాళ్ళ అవివేకానికి బలమిచ్చేలా మాట్లాడారే అన్న బాధ ఆయన మాటల్లో దాగదు.

రెండో అంచె పదునైంది, ఇక్కడే దేవుడి ప్రసక్తి వస్తుంది. నాగరికుడైన ఏ పాలకుడైనా ఎక్కడో క్షేమంగా ఉన్న నేరస్థులకు బుద్ధి చెప్పడానికి, దారిన పోయేవాళ్ళను, అందులోనూ పసిపిల్లల్ని, అంటరానివారిని చంపుతాడా? మనిషి చేయడానికి సిగ్గుపడే పనిని దేవుడికి ఆపాదిస్తే, దేవుడికంటే మనిషే నీతిమంతుడని ఒప్పుకున్నట్టవుతుంది. పేదల చెమట పిండే కర్మాగారాల గోడలు ఏ పాపానికీ కూలడం లేదు కదా. గురుత్వాకర్షణ మన కఠిన హృదయాల బరువును లెక్కలోకి తీసుకోదు. పైగా ఈ తర్కం మహాత్ముడి ప్రత్యర్థులకే ఎక్కువ పనికొస్తుంది, భూకంపానికి కారణం ఆయనేనని వాళ్ళు అనగలరు.

టాగూర్ నాస్తికుడు కాదు. దేవుడి మంచితనాన్ని కాపాడాలనే ఆయన తపన. విశ్వనియమం ఎవరి కోసమూ తప్పదు, దేవుడు కూడా అందులో వేలు పెట్టడు. అలా నమ్మితేనే ఇటువంటి ఘోరాల ఎదుట దేవుణ్ణి సమర్థించగలం అన్నది ఆయన దారి. అయితే ఆ దారిలో నడిచే దేవుడు ప్రార్థనకు పలకడు, ఆపదలో చేయి అందించడు. గోపన్న వచ్చి నిలదీస్తే జవాబిచ్చే రాముడు అక్కడ ఉండడు. తన నమ్మకానికి టాగూర్ చెల్లించిన మూల్యం అది, తెలిసే చెల్లించారు.

గాంధీ చెల్లించడానికి సిద్ధపడలేదు. దేవుడి ఆజ్ఞ లేనిదే ఆకు కూడా కదలదని తాను అక్షరాలా నమ్ముతానని జవాబులో రాశారు. దేవుడి నియమాలన్నీ మనకు తెలియవు, ఎంతటి శాస్త్రజ్ఞుడి జ్ఞానమైనా ధూళికణమంత. భౌతిక సంఘటనలకు ఆధ్యాత్మిక ఫలితాలున్నట్టే ఆధ్యాత్మిక కారణాలకు భౌతిక ఫలితాలూ ఉంటాయి. మన పాపాలకు సృష్టిని కూల్చే శక్తి లేదని గురుదేవులు అంటే, అంతకంటే కూల్చే శక్తి మరి దేనికీ లేదని తన నమ్మకం. ఆ తరవాత చెప్పిన మాట మరీ గమనించదగ్గది. ఈ సంబంధాన్ని తాను రుజువు చేయలేనని ఒప్పుకున్నారు. ఒకవేళ తన నమ్మకం తప్పని తేలినా నష్టం లేదు, ఆత్మశుద్ధికి అది పురికొల్పుతుంది కదా అన్నారు.

ఇక్కడ పాఠకుడు ఆగి ఆలోచించాలి. పిల్లలు ఎందుకు చచ్చిపోయారన్న టాగూర్ ప్రశ్నకు గాంధీ జవాబివ్వలేదు. భూకంపం వల్ల తాను ఏం నేర్చుకోవాలో చెప్పారు. బతికున్నవాడికి అది గొప్ప సాధన కావచ్చు. బిడ్డను పోగొట్టుకున్న సీతామఢి తల్లి ముందు నిలబడి ఆ మాట అనగలమా? మరొకరి ఆత్మశుద్ధికి ఆమె బిడ్డ ప్రాణం సాధనమైందంటే, ఆ లెక్క వేసినవాణ్ణి దయామయుడు అనడానికి నోరు రాదు. ఈ ఒక్క విషయంలో గురుదేవులదే న్యాయం.

నెహ్రూ మరింత సూటిగా అడిగారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఆయన మళ్ళీ అరెస్టయ్యారు, జైల్లో రాసిన ఆత్మకథ 1936లో వెలువడింది. అంటరానితనం దక్షిణాదిలో ఇంకా ఘోరంగా ఉంటే శిక్ష బీహార్‌కు పడటమేమిటన్నది ఆయన ప్రశ్న. శాసనోల్లంఘనలో బీహార్ ముందుంది కాబట్టి ఇది తిరుగుబాటుకు దేవుడి శిక్ష అని ఇంగ్లీషు ప్రభుత్వం అనవచ్చు. ఇది జమీందారీ పాపమని మరొకరు అనవచ్చు. పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికాలో మతపెద్దలు మసాచుసెట్స్ భూకంపాలకు పిడుగు కడ్డీలు పెట్టడమే కారణమన్న సంగతిని కూడా ఆయన గుర్తుచేశారు.

టాగూర్ భయపడినట్టే జరిగింది. గాంధీ ఆలయ ప్రవేశ ప్రచారం వల్లే ధర్మం మంటగలిసిందని, అందుకే భూమి కంపించిందని సనాతనులు ప్రచారం చేశారు. మార్చిలో గాంధీ బీహార్ చేరి శిథిల గ్రామాల్లో తిరిగారు. ఏప్రిల్ 26న వైద్యనాథ క్షేత్రం దేవఘర్ వెళ్ళినప్పుడు జశీడీ స్టేషన్ దగ్గర సనాతనులు ఆయన కారు మీద కర్రలతో పడ్డారు, వెనక అద్దం పగిలింది. ఒకే భూకంపం, ఒకే దేవుడు, రెండు తీర్పులు. రెండింటినీ తేల్చే న్యాయస్థానం ఎక్కడా లేదు.

భూమి మాత్రం తన సాక్ష్యం తాను చెప్పింది, కాకపోతే చాలా ఆలస్యంగా. భూఫలకాలు కదులుతాయన్న సిద్ధాంతం 1960ల్లో గాని స్థిరపడలేదు. భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ ఆసియా కిందికి చొచ్చుకుపోతోంది, హిమాలయం దగ్గర ఏటా సుమారు రెండు సెంటీమీటర్ల కదలిక లోపలే బిగిసిపోతోంది. ఆ బిగువు శతాబ్దాలకోసారి తెగుతుంది. 1934 భూకంప కేంద్రం తూర్పు నేపాల్‌లో, ఎవరెస్టుకు దక్షిణాన ఉంది. ఆ భూకంపం నేల మీద వదిలిన చీలిక గుర్తును శాస్త్రజ్ఞులు తూర్పు నేపాల్‌లో కనుక్కుని 2013లో ప్రకటించారు. అక్కడే 1255 నాటి భూకంపం గుర్తు కూడా దొరికింది. నేపాల్ రాజు అభయ మల్లుణ్ణి బలిగొన్న భూకంపం అది. గంగా మైదానంలో ప్రాణనష్టానికి మరో కారణం ఒండ్రునేల. మెత్తటి నేల, పట్టులేని ఇటుక గోడలు ఎక్కడెక్కడ కలిశాయో అక్కడ మనుషులు పోయారు.

అలాగని గాంధీని మూఢుడిగా కొట్టిపారేస్తే చరిత్రకు అన్యాయం చేసినట్టే. ఆ నమ్మకాన్ని గట్టిగా పట్టుకున్న మనిషే దాన్ని ఎదురు ప్రశ్నల ముందు పెట్టడానికి జీవితాంతం వెనకాడలేదు. ఇందుకు సాక్ష్యం మన తెలుగునాట ఉంది.

1933లోనే కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతున్న గోపరాజు రామచంద్రరావు, లోకానికి గోరా, నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. తరవాత బందరు హిందూ కళాశాలలో పనిచేసి, అదీ వదిలి, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆయనా, భార్య సరస్వతీ దళితులతో సహపంక్తి భోజనాలు నడిపారు. గోరా వాదన సూటిగా ఉండేది. దేవుడి చిత్తం, తలరాత, పూర్వకర్మ అనే నమ్మకాలు ఉన్నంతకాలం అంటరానివాడు తన స్థితిని ఒప్పుకుని పడి ఉంటాడు, అగ్రవర్ణుడు దాన్ని న్యాయమనుకుంటాడు. ఆ నమ్మకం పోతే గానీ మనిషి లేచి నిలబడడు. గాంధీ దేవుడి పేరు చెప్పి కడగాలనుకున్న పాపాన్నే గోరా దేవుణ్ణి పక్కనపెట్టి కడగాలనుకున్నారు.

1944 చివర్లో గోరా సేవాగ్రామ్ వెళ్ళి ఈ మాటలన్నీ గాంధీ ముందే చెప్పారు. ఆయన కోప్పడలేదు, వెళ్ళగొట్టలేదు. తన ఆస్తికత ఒప్పనీ గోరా నాస్తికత తప్పనీ తాను చెప్పలేనని, ఇద్దరూ సత్యాన్ని వెతుకుతున్నవాళ్ళేనని అన్నారు. ఆకు కదలాలన్నా దేవుడి ఆజ్ఞ కావాలని రాసిన పదేళ్ళకు అన్న మాట ఇది. గోరా పెద్ద కూతురికి ఒక దళిత యువకుడితో పెళ్ళి నిశ్చయమైతే దాన్ని సేవాగ్రామ్ ఆశ్రమంలోనే జరిపిద్దామన్నారు. ప్రమాణంలో 'దేవుడు' అన్నచోట 'సత్యం' అని మార్చడానికీ ఒప్పుకున్నారు.

1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. ఆ మార్చిలో సేవాగ్రామ్‌లో, ఆయన ఒప్పుకున్న పద్ధతిలోనే, ఆ పెళ్ళి జరిగింది.